పుట్ అప్ అంటే పైన పెట్టడమేనా?

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా ఒక కంపెనీ ఇంటర్వ్యూకి మన హాస్టల్ నుంచి ముగ్గురం కలిసి వెళ్లాం. తెల్లవారుజామున బస్సెక్కి, దిగాక బస్టాండు కుళాయి దగ్గర మొహాలు కడుక్కుని, ముగ్గురికీ కలిపి ఒక్కటే టై ఉంటే వంతులవారీగా కట్టుకోవాలని ఒప్పందం చేసుకున్న రోజు అది. రాతపరీక్ష ముగ్గురం గట్టెక్కాం. ఇంటర్వ్యూకి మొదట వెళ్లినవాణ్ణి పేరు అడిగారు, ఊరు అడిగారు, చెప్పాడు. తర్వాత ఎదురుగా కూర్చున్నాయన తాపీగా, ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ అన్నాడు. మావాడు ఒక్క క్షణం ఆలోచించి, చేతిలోని ఫైలు పైకెత్తి, ‘సర్టిఫికెట్స్ పుట్ హియర్ సర్’ అని చూపించాడు. రెండోవాడికీ అదే ప్రశ్న పడింది. వాడు ‘సారీ సర్’ అని తల దించుకున్నాడు. టై విప్పి ఇస్తూ ఆ సంగతి చెప్పాడు కాబట్టి మూడో మనిషి లోపలికి వెళ్లేసరికి ప్రశ్న ముందే తెలుసు. జవాబే ముగ్గురికీ తెలియదు.

ఆయన అడిగింది ‘ఎక్కడ ఉంటున్నారు?’ అని మాత్రమే. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉంటున్నాం సార్ అని చెబితే సరిపోయేది. ఆరో తరగతి నుంచి ట్రంకు పెట్టె మోసుకుంటూ మనం ఉంటున్న చోటే అది. నిద్రలో లేపి అడిగినా చెప్పే జవాబు, అడిగిన మాట అర్థం కాక నోట్లోనే ఉండిపోయింది. ఉద్యోగం ముగ్గురికీ రాలేదు. ఆ ఒక్క ప్రశ్న వల్లే రాలేదని అనలేం. కానీ తిరుగు బస్సులో సగం దూరం దాకా ఎవరం మాట్లాడుకోలేదు. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఇంటికి ఫోన్ చేసి ‘ఏమైంది బాబూ’ అంటే, ఎక్కడ ఉంటున్నావని అడిగితే చెప్పలేకపోయామని ఎలా చెబుతాం?

అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు ఈ రెండు చిన్న మాటల గురించే రాయాలనిపించింది. మేము ఇంగ్లీషు ఎం.ఏ. వాళ్లం కాము, ఎం.కామ్. చదువుతున్నవాళ్లం. కనుక ఇది పండితుల వ్యాసం అనుకోవద్దు. దెబ్బ తిన్నవాళ్లు దారిలో గుంత ఎక్కడుందో చెప్పినట్టు చదువుకోండి. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాం. చదువుతూ పక్కన నోటుబుక్కులో వాటిని ఇంగ్లీషులో రాసుకుంటే స్పెల్లింగు కూడా చేతికి వస్తుంది.

ముందుగా ‘పుట్’ సంగతి. పి-యు-టి. బి-యు-టి బట్, సి-యు-టి కట్ అయినప్పుడు ఇది పట్ ఎందుకు కాలేదని ప్రతి తరగతిలోనూ ఎవడో ఒకడు అడుగుతాడు. కాలేదు, అంతే. ‘ఫుట్’ అన్నట్టే ‘పుట్’. దీనికి వర్తమానం, భూతం, మూడో రూపం అన్నీ ఒకటే, పుట్, పుట్, పుట్. ‘పుట్టెడ్’ అని రాయకూడదు. ఐ-ఎన్-జి చేర్చినప్పుడు మాత్రం రెండు టీలు రావాలి. ‘పుట్ అప్’ అని పలికేటప్పుడు ఊనిక ‘అప్’ మీద పడుతుంది. గబగబా మాట్లాడేవాళ్ల నోట ఇది ‘పుటప్’ అని ఒకే మాటలా వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో మమ్మల్ని సగం దెబ్బ తీసింది ఈ వినికిడే.

ఇక అసలు చిక్కు. పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైకి, కాబట్టి పుట్ అప్ అంటే పైన పెట్టు అని మనం కూడిక లెక్క చేస్తాం. ఒక్కోసారి ఆ లెక్క సరిపోతుంది, చాలాసార్లు సరిపోదు. ఇలా ఒక క్రియ, దాని పక్కన ఒక చిన్న మాట కలిసి, విడివిడిగా లేని కొత్త అర్థాన్ని ఇచ్చేదాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. లోగన్ పియర్సాల్ స్మిత్ అనే ఆయన 1925లో తెచ్చిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అనే పుస్తకంతో ఈ పేరు వ్యాప్తిలోకి వచ్చింది. పేరు వయసు నూరేళ్లే గానీ ఇలాంటి మాటలు ఇంగ్లీషులో ఎన్నో వందల ఏళ్లుగా ఉన్నాయి.

ఇది ఇంగ్లీషువాళ్లు మనల్ని ఏడిపించడానికి కనిపెట్టిందని అనుకునేరు. ఇప్పుడే ఈ వాక్యంలో ‘కనిపెట్టింది’ అన్నాం చూడండి. కని, పెట్టడమా అది? ‘తలపెట్టు’ అంటే తల తీసి ఎక్కడైనా పెట్టడమా? కాదు, ఒక పనికి పూనుకోవడం. మొదలుపెట్టు, బయటపెట్టు, తాకట్టుపెట్టు, పేరుపెట్టు, కన్నంపెట్టు... అన్నింటిలోనూ ఉన్నది మన ‘పెట్టు’ అనే మాటే. ‘వండు’ అంటే ఒకటి, ‘వండిపెట్టు’ అంటే మరొకటి. మొదటిది ఎవరికోసమైనా కావచ్చు, రెండోది ఇంకొకరి కోసమే. ‘నా సామాను కాస్త చూసిపెట్టరా’ అని పక్క మంచంవాడికి చెప్పి ఊరెళ్తాం గానీ ‘చూడరా’ అని చెప్పి వెళ్లం. బడి మొహం చూడని మా అమ్మలు వీటిలో ఒక్కదాన్నీ తప్పుగా వాడరు. ఎందుకంటే వాళ్లు వీటిని కూడికగా నేర్చుకోలేదు, వాక్యంలో విని నేర్చుకున్నారు. ఎవరైనా తెల్లవాడు తెలుగు నేర్చుకుంటూ డిక్షనరీలో తల ఒకచోట, పెట్టు ఇంకోచోట వెతుక్కుంటే ఎంత అవస్థ పడతాడో, పుట్ అప్ దగ్గర మన అవస్థ అంతే.

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రాత్రే హాస్టల్ లైబ్రరీలోని అట్ట ఊడిపోయిన డిక్షనరీ తీశాం. ‘పుట్’ అనే మాట మొదట్లో వెతికితే దొరకలేదు. అది ఆ మాట గురించి రాసిందంతా అయిపోయాక, చివర్లో ఫ్రేజల్ వెర్బులన్నీ వరసగా ఇచ్చే చోట ఉంటుంది. అక్కడ ‘ఎస్.బి.’ అని, ‘ఎస్.టి.హెచ్.’ అని పొడి అక్షరాలు కనిపిస్తాయి. అవేమిటో తెలియక మేము ఎన్నో ఏళ్లు ఆ పేజీలను దాటేశాం. ఎస్.బి. అంటే సంబడీ, ఎవరినో ఒకరిని. ఎస్.టి.హెచ్. అంటే సంథింగ్, ఏదో ఒకదాన్ని. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీలో అయితే రెండువైపులా మొన ఉన్న ఒక బాణం గుర్తు కూడా ఉంటుంది. కర్మను మధ్యలోనూ పెట్టవచ్చు, చివర్లోనూ పెట్టవచ్చు అని దాని అర్థం. ఈ మూడు గుర్తులు తెలిస్తే ఆ పేజీ సగం తెరుచుకున్నట్టే.

ఉండటం, ఉండనివ్వడం అనే అర్థంతోనే మొదలుపెడదాం. ‘దే పుట్ అజ్ అప్ ఫర్ ద నైట్’ అంటే ఆ రాత్రికి వాళ్లు మాకు బస ఇచ్చారు. పరీక్ష రాయడానికి పట్నం వెళ్లి సీనియర్ అన్న గదిలో రెండు రోజులు ఉంటే, ఆ అన్న మనల్ని ‘పుట్ అప్’ చేసినట్టు. ‘వీ పుట్ అప్ ఎట్ ఎ లాడ్జ్’ అంటే లాడ్జిలో దిగాం. గమనించండి, ఇది తాత్కాలికంగా ఉండే చోటు గురించి. సొంతూరు చెప్పాలంటే ‘ఐ యామ్ ఫ్రమ్’ అనే అనాలి. ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ అనే ప్రశ్న మన దేశంలో ఆఫీసుల్లో, కాలేజీల్లో బాగా వినిపిస్తుంది. ఇంగ్లండులోనో అమెరికాలోనో అయితే ‘వేర్ ఆర్ యు స్టేయింగ్?’ అనడమే మామూలు. కనుక మీరు అడగాల్సి వస్తే స్టేయింగ్ అని అడగండి, ఎక్కడైనా చెల్లుతుంది. మిమ్మల్ని ఎవరైనా పుట్ అప్ అని అడిగితే మాత్రం ఫైలు పైకెత్తకండి. ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ ఎ సోషల్ వెల్ఫేర్ హాస్టల్ సర్’ అని నిదానంగా చెప్పండి. ఆ మాట చెప్పడానికి కొంతమంది నసుగుతారు, ఫ్రెండ్స్ రూములో ఉంటున్నామని చెబుతారు. మేమూ ఒకప్పుడు చెప్పాం. అక్కర్లేదు.

పైకి లేపడం, నిలబెట్టడం, నలుగురికీ కనిపించేలా పెట్టడం అనే అర్థాలు తేలిక. టెంటు వేసినా, షెడ్డు కట్టినా, గోడకు పోస్టరు అంటించినా, నోటీసు బోర్డు మీద కాగితం పెట్టినా పుట్ అప్. చెయ్యి ఎత్తమంటే ‘పుట్ అప్ యువర్ హ్యాండ్’. ఇంటివాడు అద్దె పెంచినా ‘హీ హ్యాజ్ పుట్ అప్ ద రెంట్’ అనవచ్చు. ఇది బ్రిటిష్ వాడుక, అమెరికావాళ్లు ‘రెయిజ్’ అంటారు. ఎన్నికల్లో పార్టీ అభ్యర్థిని నిలబెట్టడం, ఇల్లు అమ్మకానికి పెట్టడం, వ్యాపారానికి డబ్బు పెట్టడం, అన్నీ ఇందులోకే వస్తాయి. కబడ్డీలో మనవాళ్లు ఓడిపోయినా గట్టి పోటీ ఇచ్చారనుకోండి, ‘దే పుట్ అప్ ఎ గుడ్ ఫైట్’ అంటారు. మనవాళ్ల గురించి రెండేళ్లుగా ఈ వాక్యమే వాడాల్సి వస్తోంది, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ‘పుట్ అప్ ద నోటీస్’ అనవచ్చు, ‘పుట్ ద నోటీస్ అప్’ అనీ అనవచ్చు. కానీ నోటీసు బదులు ‘ఇట్’ అని వాడితే అది మధ్యలోకే రావాలి. ‘పుట్ ఇట్ అప్’ ఒప్పు, ‘పుట్ అప్ ఇట్’ తప్పు. ఇట్, దెమ్, హిమ్, హర్, మీ, అజ్ అన్నింటికీ ఇదే వరస. పైన ‘పుట్ అజ్ అప్’ అని ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

ఇప్పుడు ‘విత్’ కలిసిన మాటకు వద్దాం. దీనికో కథ ఉంది, సీనియర్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఆ ఇంటర్వ్యూ అయిన రెండు నెలలకు వేసవి మొదట్లోనే మన హాస్టల్ బోరు మోటారు కాలిపోయింది. స్నానానికీ, బట్టలకూ, దొడ్డికీ అన్నింటికీ రోడ్డవతల చేతిపంపే గతి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బకెట్లు వరసలో పెట్టేవాళ్లం. పంపు కొట్టి కొట్టి అరచేతులు బొబ్బలెక్కేవి. వంటకు నీళ్లు పట్టిచ్చాకే మన వంతు. వార్డెన్ సార్ పైకి రెండుసార్లు రాశారు, కదలిక లేదు. ముందు పరీక్షలు. అప్పుడు మేమే ఒక అర్జీ రాసి జిల్లా ఆఫీసులో ఇద్దామనుకున్నాం. ఇంగ్లీషులో రాస్తే తొందరగా చదువుతారని మా నమ్మకం. నీళ్లు లేక అవస్థ పడుతున్నామని రాయాలి. డిక్షనరీలో చూసిన మాటలు కొత్తగా ఉన్నాయి, పుట్ అప్ విత్ అంటే భరించడం అని కూడా అందులోనే చూశాం. ఆ ఉత్సాహంలో ‘వీ ఆర్ పుట్ అప్ విత్ నో వాటర్’ అని రాసి, అరవై రెండు మంది సంతకాలు పెట్టి ఇచ్చి వచ్చాం.

తర్వాత దాని జిరాక్సు కాపీ మా ఇంగ్లీషు మేడమ్‌కి చూపించాం. ఆవిడ చదివి నవ్వారు. ‘మీరు రాయాలనుకున్నది ఒకటి, రాసింది ఇంకొకటి’ అన్నారు. మేము రాయాలనుకున్నది నీళ్లు లేకపోవడాన్ని భరిస్తున్నామని. రాసింది, నీళ్లు లేని చోట మమ్మల్ని ఉంచారని! ఆర్ పుట్ అప్ అనగానే అది బస ఇచ్చారనే అర్థంలోకి వెళ్లిపోయింది. ‘తప్పు రాశారు గానీ నిజమే రాశారు’ అని మేడమ్ ఎర్ర పెన్ను తీశారు.

ఆవిడ చెప్పింది ఇదీ. భరించడం అనే అర్థంలో పుట్ అప్ విత్ అనే మూడు మాటలు విడదీయరానివి. కర్మ ఎప్పుడూ ‘విత్’ తర్వాతే. ‘ఇట్’ అయినా సరే మధ్యలోకి దూరదు, ‘పుట్ అప్ విత్ ఇట్’ అనే అనాలి. విత్ తర్వాత మనిషి రావచ్చు, వస్తువు రావచ్చు, ఒక పని వస్తే ఐ-ఎన్-జి రూపంలో రావాలి. ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ హిజ్ షౌటింగ్’ అంటే వాడి అరుపులు భరించలేను. ఈ మూడు మాటలను విడదీసి గ్రాంథికంగా తిప్పి రాస్తే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చెప్పే ఒక వాక్యాన్ని చర్చిల్ అన్నాడని చాలా పుస్తకాల్లో రాస్తారు. ఆయన అన్నట్టు గట్టి రుజువేమీ లేదు. కానీ ఇంగ్లీషువాళ్లే వీటిని విడదీయడాన్ని చూసి నవ్వుకుంటారని మాత్రం దానివల్ల తెలుస్తుంది.

మరి జరుగుతూనే ఉన్న కష్టాన్ని ఎలా చెప్పాలి? రెండు నెలలుగా భరిస్తున్నాం అనాలంటే మనలో చాలామంది ‘సిన్స్ టూ మంత్స్’ అంటారు. ఎంత కాలమో చెబితే ఫర్, ఎప్పటినుంచో చెబితే సిన్స్. కనుక ‘వీ హ్యావ్ బీన్ పుటింగ్ అప్ విత్ దిస్ ఫర్ టూ మంత్స్’. ఫిబ్రవరి నుంచి అనాలంటే ‘సిన్స్ ఫిబ్రవరి’. ఇక మా వల్ల కాదు అనడానికి ‘వీ కాంట్ పుట్ అప్ విత్ ఇట్ ఎనీ లాంగర్’. మేడమ్ ఈ రెండు వాక్యాలూ రాయించారు. అయితే అర్జీలాంటి కాగితంలో టాలరేట్ అనో బేర్ అనో రాసినా తప్పు లేదని, పుట్ అప్ విత్ కాస్త మాట్లాడుకునే తీరులోని మాట అని కూడా చెప్పారు.

తెలుగులో దీనికి సమానమైన మాట ఏది? డిక్షనరీలు భరించు, సహించు, ఓర్చుకొను అని ఇస్తాయి. పరీక్షకు అవి చాలు. కానీ మాకు అన్నింటికంటే దగ్గరగా తోచేది ఇళ్లలో వాడే ‘వేగడం’. ‘నీతో వేగలేక చస్తున్నారా’ అని అమ్మ అంటుందే, అదే ఇది. ‘మాటలు పడటం’లోని పడటం కూడా దీనికి చుట్టమే. వీటిలో ఇష్టం లేదు. ఎదురుగా ఉన్నది తప్పని తెలుసు, నచ్చడం లేదనీ తెలుసు, అయినా ప్రస్తుతానికి ఊరుకుంటున్నాం అనేది ఆ మాటలోనే ఉంది. అందుకే సంతోషంగా చేసే త్యాగానికి పుట్ అప్ విత్ వాడరు. అమ్మ మన కోసం పస్తులుంటే అది పుట్ అప్ విత్ కాదు. కూలికి పిలిచినవాడు నోటికొచ్చినట్టు మాట్లాడినా సాయంత్రం డబ్బుల కోసం తల వంచుకుని పని చేస్తే, అది.

మనం రోజూ వాడే ‘అడ్జస్ట్’కీ దీనికీ తేడా ఉంది. గదిలో ఎనిమిదిమంది ఉండాల్సిన చోట పదిమంది ఉన్నాం, మంచాలు జరుపుకుని అలవాటు పడిపోయాం, ఇది అడ్జస్ట్ కావడం. అక్కడ మారింది మనం. పుట్ అప్ విత్‌లో మనం మారలేదు, మన అభిప్రాయమూ మారలేదు, ఊరికే ఓపిక పట్టాం. ఈ తేడా తెలియక కొందరు అధికారులు వచ్చి ‘ఎలా ఉన్నార్రా’ అంటే ‘అడ్జస్ట్ అయ్యాం సార్’ అంటారు. అలా అన్నాక ఇంక ఎవరు ఏం చేస్తారు? సర్దుకున్నారు కదా అని వెళ్లిపోతారు.

ఈ మాటకు పాత కథ ఒకటి ఉంది. పూర్వపు ఇంగ్లీషులో పుట్ అప్ అంటే ఉన్నచోట దాచిపెట్టడం అనే అర్థం కూడా ఉండేది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో, యోహాను సువార్తలో, ఏసు పేతురుతో కత్తిని ఒరలో పెట్టమని చెప్పే చోట ఈ మాటే కనిపిస్తుంది. కత్తిని ఒరలో పెట్టినట్టే, జరిగిన అవమానాన్ని తిరిగి అనకుండా లోపల పెట్టుకోవడాన్ని కూడా అలాగే అనేవారు. ‘విత్’ ఆ తర్వాత తోడైంది. మన ‘దిగమింగుకోవడం’ గుర్తుకు రావడం లేదూ? వాళ్లు జేబులో పెట్టుకుంటే మనం గొంతులో పెట్టుకున్నాం, అంతే తేడా.

అర్జీ కథ ఇంకా అయిపోలేదు. మొదటి అర్జీ ఏమైందో కనుక్కుందామని ఆఫీసుకు వెళ్తే అక్కడి క్లర్కుగారు, ‘మీ ఫైలు ఇంకా పుటప్ కాలేదు బాబూ, సోమవారం రండి’ అన్నారు. మేము మొహమొహాలు చూసుకున్నాం. మళ్లీ ఇదే మాట! ఫైలుకు బస ఇవ్వడమా, ఫైలును భరించడమా? ఆయనే విప్పి చెప్పారు. కింది గుమాస్తా కాగితం మీద నోట్ రాసి, పాత కాగితాలు జతపరచి, నిర్ణయం కోసం పై అధికారి ముందు పెట్టడాన్ని ఆఫీసుల్లో పుట్ అప్ చేయడం అంటారట. ఇది మన దేశంలోని సర్కారు ఇంగ్లీషు. ఈ-ఆఫీసు వచ్చి ఫైళ్లు కంప్యూటర్లోకి ఎక్కినా ఆ మాట పోలేదు. రేపు గ్రూప్స్‌లో పాసై మీలో ఎవరైనా ఆ కుర్చీల్లో కూర్చుంటే రోజుకు ఇరవైసార్లు వాడతారు. ఫైళ్ల మీద ‘పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్’ అని రాసి ఉంటుంది. పాత కాగితాలను భరించమని కాదు, పాత కాగితాలతో కలిపి పెట్టమని. ఇక్కడి విత్ మామూలు విత్. మూడు మాటలూ పక్కపక్కనే ఉన్నా అర్థం చుట్టూ ఉన్న వాక్యమే చెబుతుంది. చివర్లో ఆయన, ‘తెలుగులో రాసివ్వొచ్చు కదా, మేమూ తెలుగువాళ్లమే’ అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

సోమవారం మేడమ్ దిద్దిన రెండో అర్జీ తీసుకుని, ఈసారి వెనక తెలుగులో కూడా రాసి వెళ్లాం. లోపల అధికారి మా అందరినీ ఎగాదిగా చూసి, ‘మిమ్మల్ని ఎవర్రా ఎగదోసింది? వెనక ఎవరున్నారు?’ అన్నారు. మాలో ఒకడు, ‘వెనక ఖాళీ బకెట్లు తప్ప ఎవరూ లేరు సార్’ అన్నాడు. భయంతో అన్నాడో ధైర్యంతో అన్నాడో వాడికీ తెలియదు. ఆయన ఒక్క నిమిషం ఆగి కాగితం చదివారు. ఆయన అడిగిన ప్రశ్ననే ఇంగ్లీషులో పెడితే, ‘హూ పుట్ యు అప్ టు దిస్?’ అవుతుంది. విత్ బదులు ‘టు’ రాగానే భరించడం పోయి ఉసిగొల్పడం వచ్చింది. ముందే కూడబలుక్కుని చేసిన మోసాన్ని ‘పుట్-అప్ జాబ్’ అంటారు. దాన్ని ఉద్యోగం అనుకుని అప్లికేషన్ పెట్టకండి.

రెండో అర్జీ ఇచ్చిన తొమ్మిదో రోజున మోటారు వచ్చింది. ఇంగ్లీషు సరిదిద్దుకున్నందుకు వచ్చిందని మేము అనుకోవడం లేదు. రెండు వారాల్లో పరీక్షలనీ, నీళ్లు రాకపోతే బకెట్లతో వచ్చి ఆఫీసు వరండాలోనే కూర్చుంటామనీ వెనక తెలుగులో రాసిన వాక్యమే పని చేసిందని వార్డెన్ సార్ అంటారు. అయి ఉండవచ్చు. కానీ ఆ మధ్యాహ్నం మొదటిసారి కుళాయి తిప్పి నీళ్లు పడుతుంటే, ఇంటర్వ్యూలో ఫైలు పైకెత్తినవాడు పెద్దగా, ‘వీ ఆర్ పుట్ అప్ విత్ వాటర్!’ అని అరిచాడు. ఈసారి వాక్యం సరిగ్గానే ఉంది.

బ్యాంకు పరీక్షలకూ, ఎస్.ఎస్.సి.కీ చదివే తమ్ముళ్లకు ఒక మాట. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం, పుట్ అవుట్ అంటే దీపమో మంటో ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. ఈ నాలుగూ కలగలిపి నాలుగు ఆప్షన్లుగా ఇస్తే తికమక పడతాం. వీటిని పట్టికగా బట్టీ పట్టడం మేమూ చేశాం, వారం కూడా నిలవలేదు. నిలిచింది ఇంకొకటి. ఒక్కో మాటకు మన హాస్టల్లో నిజంగా జరిగిన ఒక సంగతి పెట్టి సొంత వాక్యం రాసుకోవడం. కరెంటు పోయిన రాత్రి, వాయిదా పడ్డ సెమిస్టరు, అప్పు తెచ్చుకుని తొడుక్కున్న చొక్కా, అన్నీ మన దగ్గర ఉన్నవే. డిక్షనరీలోని వాక్యంలో టామ్, మేరీ ఉంటారు, వాళ్లు మనకు ఎందుకు గుర్తుంటారు?

ఇప్పుడు మీ వంతు. ఈ అయిదు వాక్యాలను పుట్ అప్ ఉపయోగించి ఇంగ్లీషులో రాయండి. పరీక్షకు వెళ్తే మా మామయ్య మాకు రెండు రోజులు బస ఇచ్చాడు. రిజల్ట్స్ బోర్డు మీద పెట్టారు, ఎవరు పెట్టారు వాటిని? ఈ దోమలతో మేము మూడు నెలలుగా వేగుతున్నాం. ఇంక వాటితో వేగలేం. ఈ పని చెయ్యమని నిన్ను ఎవరు ఉసిగొల్పారు? రెండో వాక్యంలో ‘దెమ్’ ఎక్కడ పెట్టాలో, నాలుగో వాక్యంలో అదే ‘దెమ్’ ఎక్కడికి జరుగుతుందో చూసుకోండి. తడబడేది అక్కడే.

జవాబులు మెస్సు గుమ్మం పక్కనున్న నోటీసు బోర్డు మీద వార్షికోత్సవం మర్నాడు పుట్ అప్ చేస్తాం. ముందే చూసి రాసినవాళ్లను ఎలాగూ పట్టుకోలేం. మా జవాబుల్లో తప్పులుంటే ఎర్ర పెన్నుతో అక్కడే దిద్దండి, పెన్ను దారంతో కట్టి ఉంచుతాం.